ఎల్లస్వామి పూసుకున్న అత్తరు

ఎల్లస్వామికి ముప్పై నాలుగేళ్లు. అచ్చంపేట దగ్గర మూడెకరాల మామిడితోట ఉంది, నీళ్లున్న బోరుంది, బండి ఉంది, తల నిండా జుట్టు ఉంది. లేనిదల్లా పెళ్లాం. అది ఆయన వెతకక కాదు. అప్పటికి పదమూడు పెళ్లిచూపులయ్యాయి. పదమూడు ఇళ్లలో కారప్పూస తిన్నాడు, పదమూడు ఇళ్లలో చాయ్ తాగాడు. "పిల్లగాడు ఏం జేస్తడు?" అనే ప్రశ్న దాకా అన్నిచోట్లా కథ బ్రహ్మాండంగా నడిచేది. "తోట చేస్తడు" అనగానే పిల్ల తండ్రి మొహం వాడిపోయేది. "మంచిది, ఫోన్ చేస్తం" అని లేచేవాళ్లు. ఆ పదమూడు ఫోన్లలో ఒక్కటీ రాలేదు. ఈ కాలపు ఆడపిల్లల తండ్రులకు మామిడిపండు కావాలి గానీ దాన్ని పండించేవాడు అక్కర్లేదు. ఎవరికి కోపమొచ్చినా ఇది నిజం.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఆయన హైదరాబాదులో ఒక మాల్ ముందు యూనిఫాం వేసుకొని నాలుగేళ్లు నిలబడ్డాడు. ఆ నాలుగేళ్లూ పెళ్లి సంబంధాలు బాగానే వచ్చాయి, ఆయనే ఇప్పుడొద్దన్నాడు. తండ్రి పోయాక తోట ఎండిపోతోందని వచ్చేశాడు. మొదటి ఏడు కాయ విరగగాసింది, పైకి బంగారంలా ఉంది. మార్కెట్లో వ్యాపారి ఒక పండు కోసి చూశాడు. లోపల తెల్లటి పురుగులు గంతులేస్తున్నాయి. పదిమంది ముందు ఆ పండును కాళ్ల దగ్గర పడేశాడు. ఎల్లస్వామి ఇంటికొచ్చి గంపలో ఉన్న పండ్లన్నీ ఒక్కొక్కటే కోసి చూసుకున్నాడు. అన్నిటా అదే.

మర్నాటికి ఏడుపు ఆగి, కోపం వచ్చింది. కోపం మంచిదే, కాళ్లకు పని చెప్తుంది. పండ్ల పరిశోధన కేంద్రంలో రెండు రోజుల శిక్షణ ఉందంటే బండెక్కి పోయాడు. అక్కడ తెలిసిందేమంటే, పండును చెడగొట్టేది ఒక ఈగ. ఆడ ఈగ తోక చివర సూది ఉంటుంది. దాంతో తోలు కింద గుడ్లు పెడుతుంది. మగ ఈగకు సూది లేదు, పండుతో పనీ లేదు. దానికి ఒకే ఒక వాసన మీద పిచ్చి. మిథైల్ యూజినాల్ అనే నూనె వాసన. చెక్కముక్కకు ఆ నూనె, కొంచెం పురుగుమందు పట్టించి సీసాలో వేలాడదీస్తే తోట అవతలి కొస నుంచి కూడా మగ ఈగలు ఎగురుకుంటూ వచ్చి చస్తాయి. మగవి లేకపోతే ఆడవాటి గుడ్ల నుంచి పురుగులు పుట్టవు.

అంతే, ఎల్లస్వామికి కూడా పిచ్చి పట్టింది. పాత నీళ్ల సీసాలకు బొక్కలు పెట్టి చెట్టు చెట్టుకూ కట్టాడు. రెండేళ్లలో పురుగు పోయింది, పేరు మాత్రం వచ్చింది. ఊళ్లో అందరూ ఆయన్ని ఈగల ఎల్లస్వామి అన్నారు. ఎవరు దొరికినా ఈగల ముచ్చటే. సాయంత్రమైతే ఆ రోజు తోటలో చూసిన వింత చెప్పుకోవడానికి ఇంట్లో ఒక మనిషి కావాలని ఆయన కోరిక. అంతకు మించి పెద్ద కోరికలేం లేవు. తనను పెంచిన అవ్వ ఉప్పలమ్మ ఉంది గానీ, ఆమె రెండో మాటకే కునుకు తీసేది.

పద్నాలుగో సంబంధం కల్వకుర్తి దిక్కునుంచి వచ్చింది. పిల్ల పేరు నిరోష, ఇరవై తొమ్మిదేళ్లు, డిగ్రీ చదివింది. తండ్రి దుర్గయ్యకు మామిడితోట ఉంది.

"ఇగో బిడ్డా, ఆడికి పోయినంక ఈగల ముచ్చట తీసినవనుకో, నడుమ లేచొస్త" అంది ఉప్పలమ్మ.

"తియ్యనే అవ్వా. గని గిదే ఆఖరు. గిది గూడ కాకపోతే ఇంక నన్ను యాడికి తోల్కపోవద్దు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, కానీ అవ్వ మొహం చూడకుండా అన్నాడు.

ఆ పొద్దున మేనమామ మల్లేష్ కిరాయి కారుతో దిగాడు. మల్లేష్ అత్తరు లేకుండా శుభకార్యానికి గడప దాటే రకం కాదు. చిన్న దూదిముక్కకు అత్తరు అద్ది చెవి మడతలో పెట్టుకుంటేనే ఆయనకు బట్టలు కట్టుకున్నట్టు. ఆ రోజు తన సీసా ఇంట్లో మరిచిపోయాడు. దిగులుగా అటూ ఇటూ చూస్తే కిటికీలో ఒక అత్తరు సీసా కనబడింది. పోయినేడు తనే మేనల్లుడికి ఇచ్చిన సీసా. మూత తీసి వాసన చూశాడు. కమ్మగా లవంగం వాసన. "అబ్బ, సరుకంటే గిది" అనుకొని తన రెండు చెవులకూ దూది పెట్టుకున్నాడు. అద్దం ముందు తల దువ్వుకుంటున్న ఎల్లస్వామికి రెండు చెవులకూ పెట్టాడు, మణికట్లకు రాశాడు, కాలరుకు రాశాడు. ఇంకా తృప్తి కాక చొక్కా జేబు మీద నాలుగు చుక్కలు వేశాడు.

సీసా అత్తరుదే గానీ అందులో ఉన్నది అత్తరు కాదు. ఈగల నూనె చుక్కచుక్కగా వేయడానికి వీలుగా ఉంటుందని ఎల్లస్వామి దాన్ని ఆ ఖాళీ సీసాలో పోసి పెట్టుకున్నాడు. ఇంకా పురుగుమందు కలపలేదు, అదొక్కటే అదృష్టం. మరి ఆయనకు వాసన తెలియలేదా అంటారేమో. తెల్లారినప్పటి నుంచి ముప్పై సీసాలకు ఆ నూనె వేసి వచ్చిన మనిషి. ఆ ముక్కుకు ఇక అది వాసనే కాదు. కారు అద్దాలు మూసి, ఏసీ వేసుకొని, అవ్వను ఎక్కించుకొని, మామా అల్లుళ్లు ఘుమఘుమలాడుతూ బయల్దేరారు.

దుర్గయ్య ఇల్లు తోట నడిమధ్యలోనే ఉంది. వాకిట్లో రేకుల పందిరి కింద కుర్చీలు వేశారు. కాళ్లకు నీళ్లిచ్చారు. దుర్గయ్య చెల్లెలు లీలమ్మ, నోటి మీద అదుపు లేని మనిషి, ఎదురుగా కూచుని ఎల్లస్వామిని తల నుంచి కాలి దాకా చూసింది. కారప్పూస వచ్చింది. ఎల్లస్వామి పద్ధతిగా నాలుగు పోగులు తీసుకున్నాడు.

మొదటి ఈగ చెవి మీద వాలింది. తోలాడు. రెండోది వాలింది. తోలాడు. కాసేపటికి తోలడమే పనైపోయింది. కాలరు మీద అయిదు, జేబు మీద పది, చెవుల్లో ఎన్నో లెక్క తెలియదు. పక్కన మల్లేష్ కూడా తువ్వాల ఊపుతున్నాడు. ఉప్పలమ్మ మీద ఒక్కటంటే ఒక్కటి లేదు.

"పిల్లగాడు తానం జేసి వచ్చిండా?" అంది లీలమ్మ, అందరికీ వినబడేటట్టు.

"రెండుసార్లు జేసిండమ్మా, సబ్బు వెట్టి" అంది ఉప్పలమ్మ రోషంగా.

"మరి గిన్ని ఈగలేంది? పీనుగు మీద వాలినట్టు?"

ఆ మాటకు ఎల్లస్వామికి భూమిలోకి పోవాలనిపించింది. అదే క్షణాన నిరోష చాయ్ పళ్లెంతో వచ్చింది. రెండడుగుల దూరంలో ఆగింది. పళ్లెం మేనత్త చేతిలో పెట్టి, వంగి, పెళ్లికొడుకు చెవిలోకి చూసింది. పదమూడు పెళ్లిచూపుల్లో ఏ పిల్లా ఆయన్ని అంత దగ్గరగా చూడలేదు. ఊపిరి బిగబట్టి కూచున్నాడు.

"బాపూ, అన్నీ మొగవే" అంది నిరోష.

మల్లేష్ తువ్వాల ఊపడం ఆపాడు.

"ఏందే మొగవి?" అంది లీలమ్మ.

"ఈగలత్తా. ఒక్కదానికి గూడ తోక కాడ సూది లేదు. మన పండ్లను పొడిసేటివి ఆడవి. గీ మనిషి మీద ఒక్క ఆడది గూడ వాలలే."

ఎల్లస్వామి అవ్వకిచ్చిన మాట అక్కడికక్కడే గాలికి పోయింది. "సూది సంగతి మీకెట్ల ఎరుక?" అన్నాడు. అంటూనే అనుమానం వచ్చి, మణికట్టు ముక్కుకు ఆనించి గట్టిగా పీల్చాడు. లేచి నిలబడ్డాడు. "మామా! నాకు ఏ సీసాలది పూసినవ్?"

"కిటికీల ఉన్నది. నేనిచ్చిన అత్తరే గద."

"అది అత్తరు గాదు మామా, ఈగలను పిలిచే నూనె!"

మల్లేష్ చేతులు రెండూ తన చెవుల మీదికి పోయాయి. అప్పటిదాకా తమాయించుకున్న నిరోష ఇక ఆగలేకపోయింది. పందిరి గుంజ పట్టుకొని నవ్వింది, కళ్లు తుడుచుకొని మళ్లీ నవ్వింది. దుర్గయ్య నవ్వాడు, ఉప్పలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. లీలమ్మ ఒక్కతే పళ్లెం పట్టుకొని కొయ్యబారి నిలబడింది.

ఆ తర్వాత జరిగింది ఏ పెళ్లిచూపుల్లోనూ జరిగి ఉండదు. మామా అల్లుళ్లిద్దరూ బోరు తొట్టి దగ్గర సబ్బుతో చెవులు రుద్దుకున్నారు. ఎల్లస్వామి చొక్కా విప్పి మామిడికొమ్మకు తగిలించాడు. పావుగంటలో ఆ తెల్ల చొక్కా నల్లబడి, కదులుతూ, సన్నగా రొద చేసింది. చుట్టుపక్కల తోటలవాళ్లు కూడా వచ్చి నోళ్లు తెరుచుకొని చూశారు.

"గివన్నీ నా తోటలనే ఉన్నయా?" అన్నాడు దుర్గయ్య నీరసంగా. వరుసగా రెండేళ్లు ఆయన కాయ పురుగు పట్టి పోయింది. ఏ మందు కొట్టినా ఆగలేదు.

"మీయే మామా. ఫికర్ జెయ్యకుండ్రి, ముప్పై సీసాలు కడ్తె సాలు" అన్నాడు ఎల్లస్వామి. మామా అన్నానని తర్వాత తెలిసి బనీను మీద నిలబడే సిగ్గుపడ్డాడు.

"గా వాసన వాటికెందుకు?" అంది నిరోష.

"అది మొక్కలు తయారు జేసుకునే వాసన. కొన్ని పూలు ఈగను పిలిచి పుప్పొడి మోయించుకుంటందుకు చేస్తయి. మొగ ఈగ దాన్ని నాకి, కడుపుల వేసుకొని, అందులకెంచి తన సొంత అత్తరు చేసుకుంటది. ఆ అత్తరుతోనే ఆడ ఈగను పిలుస్తది."

"అంటే మన పిల్లగాని తీరుగ పూసుకొని పిల్లను చూడవోతదన్నట్టు" అన్నాడు మల్లేష్. ఎర్రబడిన చెవులతో ఆయన అన్న ఆ ఒక్క మాటా నూటికి నూరుపాళ్లు నిజం.

నిరోష మాత్రం ఈసారి నవ్వలేదు. "మా తులసికోట కాడ నేనొకటి చూసిన" అని, మేనత్త వైపు చూసి ఆగిపోయింది.

"ఏం చూసిన్రు?" అన్నాడు ఎల్లస్వామి. ఆమె ఇంకా మేనత్త వైపే చూస్తోంది. "చెప్పుండ్రి, ఏం చూసిన్రు?" అని మళ్లీ అడిగాడు. ఈసారి చిన్నపిల్లవాడిలా రెండడుగులు ముందుకు వేశాడు.

"తులసాకు తెంపినప్పుడల్ల, తెంపిన కాడ గీ ఈగలు వాల్తయి. నాకుకుంట మత్తుల ఉంటయి, ముట్టినా కదలవు. ఒకదినం చీపురుపుల్లతోని వాటి వీపులకు జర జర కుంకుమ అంటించిన. దీపం పెట్టే యాళ్లకు మామిడాకుల కింద మొగవన్నీ రెక్కలు కొట్టుకుంట రొద చేస్తుంటే పోయి చూసిన. ఆడవి కుంకుమ ఉన్న వాటి కాడికే ఎక్కువ పోతున్నయి. పది పదిహేను దినాలు గట్లనే చూసిన. ఎవలకు చెప్పినా నవ్విరి. నిజమో, నా కండ్ల భ్రమనో."

ఎల్లస్వామి ఎగిరి గంతేశాడు. అక్షరాలా ఎగిరాడు, బనీను మీద, పదిమందిలో. "నిజమే! తులసిల గదే నూనె ఉంటది! గా శిక్షణల సారు ఒక్క ముక్కల చెప్పి పోయిండు, ఆకు నాకినోనికే గిరాకీ ఎక్కువని. మీరు కుంకుమ వెట్టి చూసిన్రా! చీపురుపుల్లతోని!" ఇద్దరూ తులసికోట దగ్గరికి నడిచారు. ఏ రెమ్మ, ఎంతసేపు, ఎన్ని ఈగలు అని ఆయన అడుగుతూనే ఉన్నాడు. ఆమె చెప్తూనే ఉంది. చాయ్ చల్లారిపోయింది.

చివరికి లీలమ్మ గొంతు సవరించుకుంది. "పొద్దు వోతుంది. మంచిది, మేం ఫోన్ చేస్తం."

ఎల్లస్వామి ఆనందం ఎక్కడికక్కడ దిగిపోయింది. ఆ మాటకు అర్థం ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? పదమూడుసార్లు లేనంత బాధ ఈసారి వేసింది. ఇన్నాళ్లూ పెళ్లాం దొరకలేదని బాధ, ఇప్పుడు ఈ మనిషి దొరకదని బాధ. దుర్గయ్య ఇచ్చిన చొక్కా తొడుక్కొని, బొత్తాలు తప్పు పెట్టుకొని, అవ్వ చెయ్యి పట్టుకొని కారు వైపు తిరిగాడు.

"ఫోనెందుకు బాపూ? ఉన్నరు గద, ఇప్పుడే చెప్పు" అంది నిరోష.

"ఏం జెప్పాలె బిడ్డా?"

"నాకు ఇష్టమేనని."

లీలమ్మ పళ్లెం గలగలమని కింద పెట్టింది. "పదకొండు మందిని వద్దంటివి. నౌకరోళ్లను వద్దంటివి. ఈగలు వాలినోన్ని పట్టుకొని ఇష్టమంటవేందే?"

"గా పదకొండు మంది నేనేం చదివిన్నో అడిగిన్రత్తా, ఏం వండుతనో అడిగిన్రు. ఏం చూసినవని అడిగింది గీయన ఒక్కడే."

అందరూ ఎల్లస్వామి వైపు తిరిగారు. ఆయన తప్పు పెట్టుకున్న బొత్తాలు విప్పి మళ్లీ పెట్టుకోవడం మొదలుపెట్టాడు. పద్నాలుగు ఇళ్లు తిరిగిన మనిషి, కాదంటే ఏమనాలో ప్రతిసారీ అనుకొని వెళ్లేవాడు గానీ, అవునంటే ఏమనాలో ఒక్కసారి కూడా అనుకోలేదు.