నా భయాన్ని నాగావళిలో వదిలొచ్చాను

సహోదరులారా, అక్కసెల్లెళ్లారా, సంద్రం ఒడ్డున పుట్టిన జాలరోడు నీళ్లంటే వణికిపోతే ఎలాగుంటాదో మీకు తెలుసా? నాకు తెలుసు. కిందటేడు వానల్లో మా బోటు తిరగబడిపోయి, నేను దాని కింద చిక్కుకుపోయి, ఎలాగో పేనాలతో బయటపడ్డాను గానీ, అప్పట్నించీ వేటకెళ్దామని ఒడ్డుకెళ్తే సాలు కాళ్లు ఇసకలో పాతుకుపోయేవి. తోటోళ్లంతా కెరటాలు దాటి ఎల్లిపోతంటే నేను కూకుని వలలు బాగుసేసుకునేవోణ్ని. మా ఆవిడ రత్నం "ఏటయ్యా, సంద్రంలో దిగని జాలరోడికి పెళ్లాన్నని ఎవులికి సెప్పుకోను?" అని నవ్వతానే అనేది, అటు తిరిగి కొంగుతో కళ్లు తుడుసుకునేది. వేట లేకపోతే నేను మనిషినే కానన్నట్టుండేది నాకు.

అలాటప్పుడు మా సంఘం కుర్రోళ్లు పైకొండల్లో నాగావళి మీద రాఫ్టింగంట, గాలి నింపిన రబ్బరు పడవలో ఏటి వడిలోకి దిగడమంట, దానికి నన్నూ లాక్కెళ్లారు. పాస్టరమ్మగారైతే ముందే ప్రార్థన సేసేసి పంపించారు, నేను తప్పించుకోడానికి లేకుండా.

రాళ్ల మజ్జిన తెల్లటి నురగ, ఆ హోరు, పడవ ఒక్క ఎగురు ఎగిరేసరికి నేను ఏట్లో ఉన్నాను. మా జాలరోళ్లకి పుట్టుకతో వచ్చిన అలవాటొకటి ఉన్నాది, కెరటం మీదికొస్తే దాని కిందకి మునిగిపోతాం, అది పైనించి ఎల్లిపోతాది. నేనూ అదే సేసాను. కానీ సంద్రంలో కింద నీరు, ఇక్కడ కింద బండరాళ్లు. బలమంతా పెట్టి మునుగుదామంటే ఒంటికి కట్టిన లైఫ్ జాకెట్టు నన్ను పైకే లాగేస్తన్నాది, నేను మళ్లీ కిందకి, అది మళ్లీ పైకి. పడవలోంచి గైడు "అన్నా, మునక్కు, ఎల్లకిలా పడుకో, కాళ్లు ముందరికి సాపు" అని అరుస్తన్నాడు.

అప్పుడు ప్రార్థన సేసాను, పెద్దదేం కాదు. "ప్రభువా, నా వల్ల కాదు, నువ్వే సూసుకో." అని ఒళ్లు వదిలేసి ఎల్లకిలా పడుకున్నాను. ఏరు నన్ను పసిపిల్లోణ్ని ఎత్తుకున్నట్టు మోసుకుపోనాది, మొకం మీద ఎండ, పైన ఆకాశం, రెండు పక్కలా కొండలు. గుండెల్లో ఇన్నాళ్లూ కూకున్న బరువు ఎటు పోనాదో తెలీదు. నిలకడ నీళ్లలోకొచ్చి నేను పకపకా నవ్వతంటే, తలకి దెబ్బ తగిలిందేమోనని కుర్రోళ్లు హడలిపోయారు. దేవునికే మహిమ!

ఇంటికొచ్చిన మర్నాడే బోటెక్కాను. కెరటం కాడ గుండె దడదడలాడింది, లేదనను, ఆ దడతోనే దాటేసాను. తిరిగొచ్చేసరికి రత్నం ఒడ్డున తట్ట పట్టుకుని నిలబడుంది. తట్టనిండా సేపలు పోస్తే వాటికేసి సూడనైనా లేదు, నా మొకమే సూసి "వచ్చేసావయ్యా" అన్నాది.

మీలో ఎవులైనా భయపడి ఒడ్డునే కూకుండిపోతే, నా మాట ఇనండి, ఆయన సేతుల్లో పడుకోండి. మోసేది ఆయన.