కండ్లలోకి చూడుండ్రి

మా గోదావరిఖని శిక్షణ కేంద్రంలో శాంతిరాజ్ సారు పాఠం మొదలుపెట్టగానే ముందు ఫ్యాను ఆగిపోయేది, తర్వాత జనం మొహాలు తిప్పుకునేవారు. ఫ్యాను తప్పు కంపెనీది. మొహాల తప్పు మాత్రం సారుదేనని అక్కడి గుమాస్తానైన నేను గట్టిగా నమ్మేవాణ్ణి.

బొగ్గుబావిలో దిగేవాళ్లకు రక్షణ పాఠాలు చెప్పడం ఆయన కొలువు. తాను మాత్రం కొన్నాళ్లే కింద పనిచేసి, యూనియన్ సిఫారసుతో పైకి తేలాడు. పగటి డ్యూటీ, ఆదివారం చర్చిలో తెల్ల చొక్కా వేసుకుని పాట అందుకోవడం. ఆహా, ఏం దర్జా!

సకల జనుల సమ్మె ముగిసిన మరుసటి ఎండాకాలం ఆ దర్జాకు గండం వచ్చింది. పెద్దాఫీసు నుంచి ఒక ఆఫీసరు వచ్చి పాఠం చూస్తాడట, నచ్చకపోతే సారు మళ్లీ బావిలోకే.

"రాత్రి షిఫ్టుకు నేను సద్ది గట్ట, ముందే చెప్తున్న," అని ఆయన భార్య రెజీనా తేల్చేసింది.

సారు హడలిపోయి, పాఠం చెప్పడమెలాగో నేర్చుకోవడానికి హైదరాబాదు వెళ్లాడు. అక్కడ టై కట్టుకున్న ఒకాయన బంతులాటలాడించి, చప్పట్లు కొట్టించి, చివరికి ఒక్క రహస్యం చెప్పి పంపాడు: వినేవాడు కళ్లలోకి చూస్తేనే పాఠం ఎక్కినట్టు.

"మనోళ్లు ఒక్కడు నా మొహం చూస్తలేడు సదానందం! అంటే ఇన్నేండ్లు ఒక్కడూ వినలేదన్నట్టే గద!" అని నా దగ్గర ఏడ్చినంత పనిచేశాడు. పాపం అనిపించింది.

మర్నాటి నుంచి తరగతిలో ఒకటే గోల.

"గోడ మీద సిన్మా ఆడుతున్నదా? నా కండ్లలోకి చూడుండ్రి!"

"సిగ్గయితంది సార్," అన్నాడు కోల్‌కట్టరు రాయమల్లు. "పెండ్లిచూపులల్ల గూడ గింతసేపు సూడలే."

అందరూ పగలబడి నవ్వారు. సారు వదల్లేదు. వారం తిరిగేసరికి రెప్ప వేయకుండా చూడటం అందరికీ వచ్చేసింది. "ఆఫీసరు సారు కండ్లలోకి గూడ గిట్లనే చూడాలె, ఖుషీ అయితడు," అని కూడా నూరిపోశాడు.

ఆఫీసరు వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు. గదినిండా కార్మికులు ఆయన కళ్లలోకి చూపు గుచ్చారు. దగ్గు లేదు, కదలిక లేదు. సమ్మె రోజుల్లో ఇదే జనం ఆయనను గదిలో కూర్చోబెట్టి, అరవకుండా తిట్టకుండా, పొద్దుగూకేదాకా ఇలాగే చూస్తూ నిలబడ్డారు. మా దగ్గర కార్మికుడు ఆఫీసరు కళ్లలోకి చూసేది ఒక్క ఘెరావులోనే. ఆయనకు చెమటలు పట్టాయి.

"మీ... మీ డిమాండ్లేమిటి?"

ఎవరికీ అర్థం కాలేదు. అడిగాడు కదా అని రాయమల్లు లేచాడు. "ఫ్యాను తిరుగుతలేదు సార్."

"వెంటనే వేయిస్తాను!" అంటూనే ఆయన జీపెక్కేశాడు. చాయ్ అలాగే ఉండిపోయింది.

కొత్త ఫ్యానూ, సారుకు ఆర్డరూ ఒక్కరోజే వచ్చాయి. కార్మికులను రెచ్చగొడుతున్నాడట, కిందికి దిగమన్నారు.

తర్వాత సంగతి సారే నాకు చెప్పాడు. మొదటి షిఫ్టులో, టోపీకి దీపం పెట్టుకుని, రాయమల్లును ఏదో అడగబోతూ నేర్చుకున్న పద్ధతిలో సూటిగా కళ్లలోకి చూశాడట.

"అవ్వో, నా కండ్లు పాయె! దీపం పక్కకు తిప్పు సార్! కింద మాట్లాడినా, విన్నా, మొహం తిప్పుకోవాలె. మర్సిపోయినవా?"

ఆ మాటతో తరగతిలో తిప్పుకున్న మొహాలన్నీ గుర్తొచ్చి, సారు ఉన్నచోటే కూర్చోబోయాడు. రాయమల్లు రెక్క పట్టి గుంజాడు.

"గక్కడ కూసోకు! కప్పుకు ఆసర పెట్టలే, మీద పడ్తది. అసొంటి కాడ కూసోవద్దని నువ్వే చెప్తివి గద."

"నేనా? ఎప్పుడు చెప్పిన?"

రాయమల్లు బొగ్గుగోడ వైపే చూస్తూ అన్నాడట: "నేను గోడ దిక్కు చూసిననాడు. నీ కండ్లలకు చూసిననాడు చెప్పింది ఒక్క ముక్క యాదికి లేదు సార్."