శ్రమదినాల్లో దొరగారి ఉపవాసం

2023వ సంవత్సరం, మార్చి నెల. జగ్గయ్యపేటలో మా ఇంటి వెనక రేకుల గదిలో కూర్చుని, నందిగామలో చావబోతున్న ఒక తొండకు ఫోనులోనే రోగం కనిపెట్టి, మర్నాటికల్లా లేపి నిలబెట్టిన మనిషిని నేను. బెజవాడలో పెద్ద డాక్టరు చేతులెత్తేసిన కేసది. హైదరాబాదు నుంచి బెజవాడ దాకా హైవే పొడుగునా తొండల్నీ బల్లుల్నీ పెంచుకునేవాళ్ళలో నా పేరు తెలియనివాళ్ళు లేరు.

ఈ పేరాలో ఎంత నిజమో ముందుకు పోయేకొద్దీ మీకే తెలుస్తుంది.

నా వృత్తి బొద్దింకల పెంపకం. నవ్వేవాళ్ళు ఇక్కడే నవ్వేసి రండి, తర్వాత పని ఉంది. వయసులో ఉన్నన్నాళ్ళూ కోళ్ళఫారాల్లో సూపర్‌వైజరుగా చేశాను. ఫారం మానేశాక ఊరికే కూర్చోలేక, ఒక హైదరాబాదు ఆసామి ఇచ్చిన గుప్పెడు పురుగులతో ఇది మొదలుపెట్టాను. ఇవి మన వంటింట్లో తిరిగే రకం కాదు. డూబియా అంటారు. ఎగరవు, నున్నటి ప్లాస్టిక్ గోడ ఎక్కలేవు, బయట గుడ్లు పెట్టవు. గుడ్డును కడుపులోనే పొదిగి పిల్లల్నే కంటాయి. ఒక డబ్బాలో తల్లులు, పిల్లలు, పోతులు అన్నీ కలిసి కాపురముంటే దాన్ని కాలనీ అంటారు. డబ్బాలో కోడిగుడ్ల అట్టల్ని నిలువుగా పేర్చాలి. అడ్డంగా పేరిస్తే పెంట అట్టల్లోనే నిలిచి బూజు పడుతుంది, నిలువుగా ఉంటే కిందికి రాలిపోతుంది. నీళ్ళు గిన్నెలో పెడితే పిల్లలు మునిగి చస్తాయి. గుమ్మడికాయ ముక్క వేస్తే తిండీ అదే, నీళ్ళూ అవే. వేడికి లోటు లేదు, మాది జగ్గయ్యపేట. ఇక మిరపచేల నుంచి వచ్చిన ఆకుగానీ అలముగానీ నా గడప తొక్కనివ్వను. మా వైపు మిరపకు కొట్టే మందులకు ఒక్క ఆకు చాలు, డబ్బా డబ్బా వెల్లకిలా పడుతుంది.

అసలు కిటుకు గట్ లోడింగ్‌లో ఉంది. తొండ బొద్దింకను తింటే, ఆ బొద్దింక అంతకుముందు ఏం తిన్నదో అదీ తిన్నట్టే. అందుకని పురుగుల్ని పంపించే ముందురోజు వాటికి మునగాకు, కారెట్టు, గోధుమ తవుడుతో విందు చేస్తాను. పెళ్ళివారికి కూడా అంత మర్యాద జరగదు. మా ఆవిడ జయమ్మ పెట్టిన షరతు ఒకటే, ఆ గది తాళంచెవి నా బొడ్డునే ఉండాలి, ఆ చేతులతో వంటింట్లోకి రాకూడదు.

నందిగామ గిరాకీ పేరు సునీత. కంచికచర్లలో జూనియర్ కాలేజీ లెక్చరరు. తల్లి మరియమ్మ కూలికి పోయి కూతుర్ని చదివించిన మనిషి. ఇద్దరే ఉంటారు. వాళ్ళింట్లో మూడో ప్రాణి ఒక బియర్డెడ్ డ్రాగన్. ఆస్ట్రేలియా తొండ అనుకోండి, జానెడు ఒళ్ళు, అంత తోక, కోపమొస్తే గవద కింద గడ్డం నల్లగా ఉబ్బుతుంది. ఊరు మారిపోతూ తోటి లెక్చరరు ఒకావిడ కాగితాలతో సహా అప్పగించి వెళ్ళింది. ఆ గడ్డం, ఆ మెడ ఎత్తి చూసే తీరు చూసి దానికి దొర అని పేరు పెట్టారు. ఇంకా ఏడాది నిండని దొర.

"క్లాసులో అరవైమందికి చెప్తే ఒక్కరూ వినరండి. వీడు మాత్రం నేను మాట్లాడుతుంటే తలెత్తి వింటాడు" అనేది సునీత.

వారానికొక డబ్బా పురుగులు బస్సులో నేనే తీసుకెళ్ళి ఇచ్చేవాణ్ణి. ఒంటికి ఎండ వేడి తగిలాకనే తొండకు తిండి అరుగుతుంది, అందుకని మేత మధ్యాహ్నమే పెట్టాలి. ఆ వేళకు సునీత కాలేజీలో ఉంటుంది గనక పెట్టేది మరియమ్మ.

మార్చి మధ్యలో సునీత ఫోను చేసింది.

"మావయ్యగారూ, దొర చిక్కిపోతున్నాడండి."

"మేత తింటంలేదా?"

"బానే తింటున్నాడండి. వారం తిరిగేసరికి మీ డబ్బా ఖాళీయే. అయినా తోక మొదట్లో ఎముకలు తేలినయ్యి. కళ్ళు లోపలికి పోయినయ్యి. పిలిస్తే తలెత్తట్లేదు."

నేను గొంతు సవరించుకుని, "బల్బు మార్చమ్మా, వేడి చాలటం లేదు" అన్నాను.

ఇదీ నేను ఫోనులో కనిపెట్టిన రోగం. బల్బు మార్చింది. దొర ఆ కొత్త వెలుగులో ఇంకాస్త స్పష్టంగా చిక్కిపోయాడు.

బెజవాడ తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరు చేతులెత్తేశాడని పైన రాశాను. ఆయన చేతులు ఎత్తలేదు. పెంట పరీక్ష చేయించి, కడుపులో నులిపురుగులు లేవని తేల్చి, "వీడికి మేత అందడం లేదు" అని అక్షరాలా నిజం చెప్పాడు. డబ్బా డబ్బా తినేవాడికి మేత అందకపోవడమేమిటని సునీతతో ఫోనులో ఆయన్ను వెక్కిరించినవాణ్ణి నేను. కానీ ఫోను పెట్టేశాక నవ్వు రాలేదు. దొర తింటున్నదీ నిజమై, డాక్టరు మాటా నిజమైతే, లోపం తిండిలోనే ఉండాలి. అంటే నా పురుగుల్లోనే సత్తువ లేదా? రేకుల గదిలోకి వెళ్ళి ఒక్కో డబ్బా తెరిచి చూసుకున్నాను. అన్నీ నిగనిగలాడుతూ తిరుగుతున్నాయి. పైకి నిగనిగలాడి లోపల డొల్ల అయిన కోళ్ళను నా సర్వీసులో చాలా చూశాను.

మరుసటిరోజు సునీత మళ్ళీ చేసింది. "ఈ ఆదివారం దాటతాడో లేదోనండి" అని ఫోను పెట్టేసింది.

నేను సంచీ భుజాన వేసుకుని నందిగామ బస్సెక్కాను.

వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. సునీత కాలేజీకి పోయింది. మరియమ్మ మంచినీళ్ళిచ్చి, "నువ్వయినా చూడన్నయ్యా, పిల్ల నిద్రపోవట్లా" అంది. దొర గాజుపెట్టెలో రాయి మీద గడ్డం ఆనించి పడుకుని ఉన్నాడు. గిచ్చితే తోలు గిచ్చినట్టే నిలబడింది. నాకు తొండ వైద్యం రాదు. కోళ్ళఫారం విద్య ఒకటే వచ్చు, పెంట చూసి సంగతి చెప్పడం. పెట్టె మూలన ఉన్నదాన్ని పుల్లతో తిప్పి చూశాను. బొద్దింకలు తినే తొండ పెంట ముదురుగా, గట్టిగా, కొసన తెల్లగా ఉంటుంది. ఇది పచ్చగా, నీళ్ళు నీళ్ళుగా ఉంది. మేక పెంటయినా ఇంతకంటే ముదురుగా ఉంటుంది.

"మరియమ్మా, వీడు పురుగు మొహం చూసి ఎన్నాళ్ళయింది?"

ఆమె ఏమాత్రం తడబడలేదు. "భస్మ బుధవారం నించి పెట్టలా" అంది.

"ఏం?"

"ఏందన్నయ్యా అట్టా అడుగుతావు? శ్రమదినాలు గదా. ఈస్టరు దాకా ఈ నలభై రోజులూ మా ఇంట్లో నీసు ఉండదు. నా పెళ్ళయినకాడ్నించీ ఉండలా. సొరకాయ ముక్కలు, మునగాకు పెడతన్నా. నేనుండట్లా?"

"వాడు తొండమ్మా!"

"ఆకులు గూడా తింటాడని నువ్వేగా చెప్పావు. రాయి పెట్టినా అరిగించుకుంటాడన్నావు."

అన్నాను. గిరాకీ కుదుర్చుకునేటప్పుడు అన్నాను. పెద్ద తొండయితే ఆకులతో ఎక్కువ భాగం గడుపుతుంది, ఎదిగే తొండకు పురుగే బలం. ఆ రెండో ముక్క చెప్పడం బేరానికి అడ్డమని దాటేశాను.

"మరి సునీతతో చెప్పలేదేం?"

"చదువుకుంది గదా, నవ్వుద్ది. పండగ అయినాక మామూలే గదా అనుకున్నా. ఇంతలో జబ్బు చేసింది."

"జబ్బు కాదు మరియమ్మా. ఆకలి."

ఆమె మొహం మారింది. నా చేతిలో పుల్లను, పెట్టెలో దొరను మార్చి మార్చి చూసింది. అప్పుడు నాకు ఇంకో అనుమానం వచ్చింది. వారానికొక డబ్బా నేను ఇస్తూనే ఉన్నాను కదా.

"నా పురుగులేం చేశావు? పారబోశావా?"

"ఎందుకు పారబోస్తా?" అని దొడ్లోకి నడిచింది. బాత్రూము పక్కన నీడలో ఒక పాత ప్లాస్టిక్ బకెట్టు, మూతికి దోమతెర గుడ్డ, దాని చుట్టూ తాడు. విప్పింది. నేను ప్యాకింగుకు పంపిన గుడ్ల అట్టలన్నీ నిలువుగా దోపి ఉన్నాయి. పైన పుచ్చకాయ తొక్కలు, చద్ది ఉప్మా. అట్ట ఎత్తి చూస్తే బొటనవేలంత తల్లులు, వాటి చుట్టూ బియ్యపు గింజల్లాంటి పిల్లలు. నేను ఇచ్చినవి పిల్లలు కూడా పెట్టాయి! అంత లావు తల్లులు నా గదిలో ఒక్కటీ లేవు. నా గట్ లోడింగు, నా మునగాకు విందులు, అన్నీ ఆ ఉప్మా ముందు వెలవెలబోయాయి.

"శ్రమదినాల్లో చంపటమెందుకని ఉంచా. ఉంచినాక మేపకుండా ఎట్టా? నోరున్న జీవాలు."

"మరి దొరకు నోరు లేదా?" అన్నాను.

ఇక్కడినుంచి నా ప్రతాపం. ఉపవాసం మనిషి తనంతట తాను పెట్టుకునేదనీ, నోరులేని ప్రాణికి మనం పెట్టేది ఉపవాసం కాదు, పస్తు అనీ, దేవుడు తొండను చేసినప్పుడే దాని అన్నం కూడా రాసిపెట్టాడనీ అరుగుమీద నిలబడి అనర్గళంగా బోధించాను. గుళ్ళో పాస్టరుగారైనా అంత పట్టుగా చెప్పలేరు. నా మాటలకు, రాయిలా ఉన్న మరియమ్మ మైనంలా కరిగిపోయింది. తన చేత్తోనే బకెట్టులోంచి ఒక పిల్లపురుగును తీసి దొర ముందు పెట్టింది. దొర కన్ను తెరిచాడు. తల వంచి చూశాడు. నాలుక ఒక్కసారి బయటికి వచ్చి లోపలికి పోయింది.

మర్నాటికల్లా లేచాడని రాశాను గానీ, అదీ కోతే. పస్తున్న ఒంటికి ఒక్కసారిగా మేత కుక్కకూడదు. రోజూ రెండు మూడు పిల్లపురుగులు, మీద కాస్త కాల్షియం పొడి, గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచడం, ఇలా నడిచింది. గడ్డం ఉబ్బించి నామీద కోప్పడేంత ఓపిక వచ్చేసరికి ఈస్టరు దాటింది. తోకకు కండ పట్టేసరికి వేసవి సగం అయింది. ఇంట్లో నీసు కూడదన్న పట్టు మాత్రం మరియమ్మ విడవలేదు. నేను బోధించి వచ్చిన సాయంత్రమే తల్లీకూతుళ్ళు గాజుపెట్టెను వరండాలోకి మార్చారు. గడపకు ఇవతల దొర భోజనం, అవతల శ్రమదినాలు. ఇప్పటికీ ప్రతి ఏడాదీ అదే ఏర్పాటు. సునీత ఒకరోజు తల్లిమీద అలిగింది, రెండోరోజు నవ్వింది. ఆ బకెట్టు సంతానంలో కొంత నేను అడిగి తెచ్చుకున్నాను. నా కాలనీల్లో ఇవాళ కాస్త లావుగా కనిపించేవన్నీ మరియమ్మ ఉప్మా వంశమే.

ఈ కేసు నాకు నేర్పింది ఒకటుంది. అంతకుముందు కొత్త గిరాకీ వస్తే తొండ వయసెంత, పెట్టె కొలతలెంత, బల్బు ఏ రకం అని అడిగేవాణ్ణి. ఇప్పుడు ముందుగా అడిగేది, "ఇంట్లో మధ్యాహ్నంపూట మేత పెట్టేదెవరు?" అని. ఆ తర్వాత, "మీ ఇంట్లో ఏ నోములు, ఏ దీక్షలు, ఏ ఉపవాసాలు ఉన్నాయి?" అని. కార్తీకంలో మాల వేసుకున్న ఇళ్ళలో మా తొండలు ఎన్ని దీక్షలు పట్టాయో అడగడం మొదలుపెట్టాకనే బయటపడింది. పెంచుకునేవారు చెప్పే మాట ఒకటుంటుంది, పెట్టే చేతికి తెలిసింది ఇంకొకటుంటుంది. రెండోది వినకుండా బల్బు మార్చమని చెప్పకూడదు.

ఇదంతా రాసి, మొన్న డబ్బా ఇవ్వడానికి వెళ్ళినప్పుడు వాళ్ళ వరండాలో చదివి వినిపించాను. సునీత పొట్ట పట్టుకుని నవ్వింది. మరియమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ చివరిదాకా విని, తలెత్తకుండా అంది:

"బానే రాశావు గానీ, నేను నీ మాటలకు కరగలా. నువ్వు కళ్ళు మూసుకుని చెప్పుకుంటా పోతన్నావు. నేను దొర నోటికాడ ఏలు పెట్టి చూశా. వాడు కరవలా అన్నయ్యా, నమిలాడు. కూలి దొరకని రోజుల్లో నాకు పాలు పడక, ఇదిగో ఈ సునీత నెలల పిల్లప్పుడు నా ఏలు అట్టాగే నమిలేది. ఆకలంటే ఏందో నాకు నువ్వు బోధించాలా? నీ ప్రసంగం సగంలో ఉండంగానే వాడు రెండు పురుగులు తినేశాడు, నువ్వు చూడనే లేదు. అది గూడా రాయి."