మగపెళ్లివారి పప్పుచారు లారీ ఎక్కిన వేళ

మొన్న శనివారం నా చేతుల మీదుగా ఓ పెళ్లి చెడిపోయేదండి బాబూ. నేనేం పెళ్లికూతుర్ని లేపుకుపోలేదు. మగపెళ్లివారి కోసం దాచిన భోజనాన్ని లారీలో వేసుకుపోయాను.

మా ఆఫీసు మాదాపూర్‌లో, ఆ రాళ్లగుట్టల మధ్య. కంప్యూటర్లకి పట్టిన ఆ వై టూ కే తెగులు పుణ్యమా అని శనివారాలు కూడా పనే. ఉన్నట్టుండి మా మేనేజర్‌గారికి సంఘసేవ మీద మనసు పడింది. బోరబండలో ఓ ఫంక్షన్ హాల్ వాళ్లు పెళ్లిలో మిగిలిన భోజనం ఇస్తామన్నారట. అది తెచ్చి, మా పక్కన బిల్డింగ్ కడుతున్న కూలీలకి పెట్టాలని ప్లాన్. దీనికి మీటింగులు, ప్రెజెంటేషన్లు. అన్నీ అయ్యాక చూస్తే, కిరాయికి తెచ్చిన డీసీఎం లారీకి డ్రైవర్ రాలేదు. లారీ నడపడం ఎవరికొచ్చని అడిగితే నా చెయ్యి దానంతటదే లేచింది. జీతాలు పెంచే అప్రైజల్ నెల కదండీ. మా మామయ్య రైస్‌మిల్లు ఆవరణలో లారీని ముందుకీ వెనక్కీ కదిపిన అనుభవం నాది. రోడ్డెక్కించావా అని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

లారీకి "ఆకలి మీద యుద్ధం" అని బ్యానర్ కట్టారు. మేనేజర్‌గారు పచ్చజెండా ఊపారు. రెండో గేర్ దాటకుండా, వెనకాల జనం తిట్లు తింటూ బోరబండ చేరాను.

హాల్లో విస్తళ్లు ఎత్తేస్తున్నారు. జనం చేతులు కడుక్కుని కిళ్లీ నములుతున్నారు. హమ్మయ్య, భోజనాలు అయిపోయాయి అనుకున్నాం. వంటశాలలో ఓ మూల గుండిగలు, మూతల మీద తెల్లగుడ్డ కట్టి వరసగా పెట్టి ఉన్నాయి. వంటవాళ్లంతా తలంబ్రాలు చూడ్డానికి పోయారు. నేనూ, నాతో వచ్చిన ఇద్దరు ప్రోగ్రామర్లూ కలిసి అన్నీ ఎక్కించేశాం. పప్పుచారు పొగలు కక్కుతోంది. మిగిలినదాన్ని కూడా వేడిచేసి ఇస్తున్నారే, ఎంత మంచి మనుషులో అని నా కళ్లు చెమర్చాయి కూడా. అలా గుడ్డ కట్టి పక్కన పెట్టింది మగపెళ్లివారిదని, వాళ్లు ముహూర్తం అయ్యాకే బంతికి కూర్చుంటారని, ఊళ్లో ఇన్ని పెళ్లిళ్లు తిన్నవాణ్ణి, నాకు తట్టనే లేదు.

సైటు దగ్గర మేనేజర్‌గారు గరిటె పట్టుకుని ఫొటో దిగారు. కూలీలు తింటుండగా, హాల్ వాళ్లని అడ్రసు అడిగి పట్టుకుని స్కూటర్ మీద ఒకాయన వచ్చాడు. పంచె నిండా పసుపు మరకలు, కాళ్లకి చెప్పుల్లేవు. పెళ్లికూతురి తండ్రి.

"సారూ, మా వియ్యంకునోళ్లు ఇంక తినలేదు," అన్నాడు. "బంతిల కూసున్నరు. లేచి పోతమంటున్నరు. నా బిడ్డ పెండ్లి సారూ."

తింటున్నవాళ్ల చేతులు ఆగిపోయాయి. నాకు తల కొట్టేసినట్టయింది. వెనక్కి తీసుకుపోదామంటే అన్ని గుండిగల్లోనూ గరిటెలు పడ్డాయి. కూలీలు తినగా మిగిలింది మగపెళ్లివారికి పెడితే ఇంకేమన్నా ఉందా! మిగిలింది తినాల్సింది కూలీలు కదా. మేనేజర్‌గారేమో ఈ సమస్యని పైవాళ్లలో ఎవరికి ఎస్కలేట్ చెయ్యాలా అని ఆలోచిస్తున్నారు. నేను మా క్యాంటీన్‌కి పరిగెత్తి, స్టాఫ్ కోసం వండిన పూరీలు, పనీర్ కూర, అన్నం, గులాబ్‌జామ్ మొత్తం లారీలోకి ఎత్తించేశాను. పెళ్లికూతురి తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని, జీవితంలో మొదటిసారి మూడో గేర్ వేశాను.

మగపెళ్లివారు ఖాళీ విస్తళ్ల ముందు మొహాలు మాడ్చుకుని కూర్చున్నారు. మేం వడ్డన మొదలుపెట్టామో లేదో, పెళ్లికొడుకు మేనమామ కిటికీలోంచి లారీ బ్యానర్ చదివేశాడు. మేం అడుక్కతినేటోళ్లమా అంటూ లేవబోయాడు. అప్పుడు పెళ్లికూతురు తలంబ్రాల బియ్యం దులుపుకుంటూ వచ్చి విస్తరి ముందు కూర్చుంది.

"మామా, పొద్దటిసంది ఒక్కపొద్దు ఉన్న. మీరు లేస్తే నేను గూడ లేవాలె. జర తినుండ్రి," అంది.

ఆయన కాసేపు ఆ పిల్ల మొహం చూసి, పూరీ తుంచాడు. ఆ తండ్రి గోడకి ఆనుకుని కళ్లు తుడుచుకున్నాడు. నా ప్రాణం కుదుటపడింది.

తిరిగొచ్చేసరికి ఆఫీసంతా ఆకలితో నన్నే తిట్టుకుంటోంది. చుట్టుపక్కల ఒక్క హోటల్ లేదాయె. చివరికి కూలీలే పిలిచారు, గుండిగల్లో ఇంకా చాలా ఉంది రమ్మని. మేనేజర్‌గారితో సహా అందరం ఇటుకల మీద కూర్చుని పళ్లేలు పట్టాం. ఓ పెద్దావిడ నాకు గుత్తివంకాయ వేసి నవ్వింది.

"జల్ది తిను బిడ్డా. మళ్ల ఎవరన్న వచ్చి మాదంటరు."

తల దించుకుని గబగబా తినేశాను.