కోరాగుడ్డ మీద నూనె

ఆ అల్లిక మిల్లులో అందరూ ఆమెను పిన్ని అనే పిలిచేవారు. వయసులో ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా అంతే. దాంతో ఏనాడూ మిల్లు గడప తొక్కని ఆమె భర్త అందరికీ బాబాయి అయిపోయాడు. "జీతం లేకపోయినా హోదా వచ్చింది" అని ఆయన నవ్వేవాడు. పిన్ని నవ్వు మాత్రం అరుదు. ఆమెను తలచుకునేవాళ్ళకు ఈనాటికీ మొదట గుర్తొచ్చేది ఆ నడక. యంత్రాల మధ్య సందులో, తల కాస్త పక్కకు వంచి, ఏదో చెడ్డ కబురు వినబోతున్నట్టు నడిచేది.

యంత్రాలకు నూనె పట్టించడం ఆమె పని. గుండ్రటి యంత్రం చుట్టూ బారులు తీరిన సూదులు పైకీ కిందికీ ఆడుతుంటే, దారం గుడ్డగా మారి గొట్టంలా కిందికి దిగుతుంది. నూనె తక్కువైతే సూదులు వేడెక్కి విరుగుతాయి. విరిగిన చోట గుడ్డకు నిలువునా గీత పడుతుంది. నూనె ఎక్కువైతే గుడ్డ మీద చుక్కలు పడతాయి. ఎంత జాగ్రత్తపడినా చుక్క పడని యంత్రమంటూ లేదు కాబట్టి, సబ్బునీళ్ళలో పోయే నూనే వాడాలి. అది పోయిందో లేదో రంగు వేసేదాకా తెలియదు. ఇంకా రంగు పడని కోరాగుడ్డ అన్నిటినీ తనలో దాచుకుంటుంది.

ఏళ్ళ తరబడి వాడుతున్న నూనె ఒకసారి దొరకడం మానేసింది. యజమాని రెండు కొత్త డబ్బాలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఏది మంచిదో నువ్వే చెప్పు పిన్నీ. నాకు రెండూ ఒకేలా ఉన్నాయి."

ఒకటి నీళ్ళలా పల్చన. ఇంకోటి కాస్త చిక్కన. పల్చటిది పోస్తే మధ్యాహ్నానికల్లా యంత్రం ఒళ్ళు కాలింది, సూదులు టపటపా విరిగాయి. చిక్కటిది పోస్తే పాలు తాగి పడుకున్న పసిబిడ్డలా ఊరుకుంది. రెండు నూనెల్నీ కోరాగుడ్డ మీద ఒక్కో చుక్క వేసి, కుళాయి దగ్గర సబ్బుతో ఉతికింది. రెండూ పోయాయి. ఎండలో ఆరేసి, అటూ ఇటూ తిప్పి చూసి, ఇంటికి తీసుకెళ్ళి బాబాయికి కళ్ళజోడు పెట్టించి మరీ చూపించింది. ఆయన కూడా ఏమీ కనబడలేదన్నాడు. "చిక్కటిదే" అని మర్నాడు యజమానికి చెప్పింది. చెప్పిన తర్వాత కూడా ఆ గుడ్డముక్కను ఇంకోసారి వెలుతురుకి పట్టి చూసింది. అనుమానం ఆమెకు కొత్త కాదు.

కొన్నాళ్ళకు ఒక ఉదయం ఇంట్లో బట్టలు ఉతుకుతోంది. బాబాయి ప్యాంట్ల మీద సైకిలు గొలుసు మరకలు. ఒక ప్యాంటు మీది మరక నాలుగు రుద్దులకే పోయింది. రెండోది ఎంత రుద్దినా కదల్లేదు.

"ఇదేంటండీ, ఒకే గొలుసు, ఒకే సబ్బు!"

"అది నిన్నటిది. ఇది పోయిన వారంది" అన్నాడాయన గుమ్మంలోంచి. "బుట్టలో వేసి మర్చిపోయావుగా. మరక కాపురం పెట్టేసింది."

ఆమె చెయ్యి ఆగిపోయింది.

తను పరీక్షించిన గుడ్డను అప్పటికప్పుడే ఉతికింది. మిల్లులో గుడ్డను అలా ఉతకరు. తాన్లు చుట్టి, రేకుల కప్పు కింద అరల్లో పేరుస్తారు. రంగు తొట్టి ఖాళీ అయ్యేదాకా అవి ఆ ఉడుకులో రోజుల తరబడి పడి ఉంటాయి.

బట్టలు అలాగే వదిలేసి చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. దారంతా ఒకటే ఆలోచన. కొత్త నూనె పోశాక అల్లిన గుడ్డకి మొదటిసారి రంగు పడేది ఇవాళే. పసిపిల్లల బట్టల గుడ్డ, అదీ లేత గులాబీ. మరక పడితే ఆ రంగు దాచదు. మరక ఎవరి వల్ల పడినా ఆ మిల్లులో మాట పడేది అద్దకం వాళ్ళే. ఇదివరకటి అద్దకం మేస్త్రీని అలాగే ఇంటికి పంపేశారు. ఇప్పుడు ఆ చోట ఉన్నది బాబాయి అక్క, తన సొంత వదిన. నోరు మూసుకుని కూర్చుంటే నూనె సంగతి ఎవరూ అడగరు. ఆ ఆలోచన వచ్చినందుకే ఆమెకు చెమట పట్టింది. అడుగు ఇంకా వేగంగా వేసింది.

అద్దకం షెడ్డంతా ఆవిరి. వదిన మోచేతుల దాకా గులాబీ రంగులో ఉంది.

"ఏంటే, అలా పరిగెత్తుకొచ్చావ్? మా తమ్ముడు బానే ఉన్నాడా?"

"ఆయనకేం, దిట్టంగా ఉన్నారు. వదినా, ఆ తాన్లు తొట్టిలో వేశావా?"

"నీళ్ళు కాగుతున్నాయి. ఏం, నీ అనుమతి కావాలా?"

"వెయ్యకు. కాస్త ఆగు."

పిన్ని జరిగింది చెప్పింది. చెబుతున్నకొద్దీ వదిన ముఖంలో వేళాకోళం పోయింది.

"ఉతికేది నేను. యంత్రాన్ని అడిగావు, సూదుల్ని అడిగావు, మా తమ్ముడి కళ్ళజోడుని కూడా అడిగావు. నన్ను అడగాలని తోచలేదా?"

"వెక్కిరిస్తావని..."

"వెక్కిరించేదాన్నే. వెక్కిరించి చెప్పేదాన్ని."

అన్నిటికంటే ముందు పేర్చిన తానులోంచి ఒక ముక్క కత్తిరించి, రోజూ ఉతికినట్టే ఉతికి, చిన్న గిన్నెలో రంగు వేశారు. పిన్ని గిన్నె పక్కనే నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు, టీ ఇస్తే చల్లారిపోయేదాకా పట్టుకునే ఉంది. ముక్క బయటికి తీస్తే మచ్చలేకుండా మెరిసింది. పిన్ని గట్టిగా ఊపిరి వదిలింది.

"తడిలో అన్నీ అందంగానే ఉంటాయి" అని వదిన ఇస్త్రీపెట్టె అందుకుంది.

గుడ్డ ఆరుతున్నకొద్దీ చుక్కలు ఒక్కొక్కటే పైకి తేలాయి. వరసగా, సూదులు తిరిగిన దారినే. ముందు చూసింది పిన్నే. వేలు పెట్టి చూపించింది.

ఘాటు సబ్బుతో, మరింత వేడిలో ఇంకోసారి ఉతికారు. మరకలు పల్చబడ్డాయి గానీ పోలేదు. నిన్న అల్లిన గుడ్డలోంచి ముక్క తెచ్చి చూస్తే అది మాత్రం శుభ్రంగా వచ్చింది. అంటే కొత్త తాన్లు ఇవాళే ఉతికేస్తే దక్కుతాయి. పాతవి నలుపుకో ముదురు నీలానికో పోవాల్సిందే. అడిగినంత లేత గులాబీ గుడ్డ ఇక అందదు.

"నూనె మాట ఎత్తకు" అంది వదిన చేతులు తుడుచుకుంటూ. "ఈసారి సబ్బు నాసిరకం వచ్చిందని చెప్తా. తిట్లు నాకు అలవాటేగా."

"వద్దు వదినా. అలవాటని చెప్పి నా తిట్లు కూడా నువ్వే తింటావా?"

యజమాని గదిలోకి వెళ్ళి నిలబడే చెప్పింది. ఆయన ఫోను మీద చెయ్యి వేశాడు, తీశాడు. గుడ్డ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళకు ఏం చెప్పాలో వెతుక్కుంటున్నట్టుంది.

"ఆ పల్చటి నూనె పోస్తే సూదులు విరుగుతాయన్నావుగా?"

"విరుగుతాయి బాబూ. యంత్రాల్ని కాస్త నెమ్మదిగా తిప్పుకుందాం. అయినా సూది విరిగితే నాకు వినబడుతుంది. మరక పడితే వినబడదు."

"ఇకనుంచి ఏం మార్చినా ఇద్దరూ కలిసి రండి" అన్నాడాయన. కోపంగానే అన్నాడు, కానీ పొమ్మనలేదు. ఆమె గడప దాటకముందే ఫోను తిప్పడం మొదలుపెట్టాడు.

పిన్ని యంత్రాలన్నీ ఆపించి, చిక్కటి నూనెను చివరి బొట్టు దాకా ఒంపించి, పల్చటిది పోయించింది. మళ్ళీ తిప్పారు. మొదటి సూది విరిగిన చప్పుడుకి ఉలిక్కిపడి అటు పరిగెత్తింది. సూది మార్చి లేచేసరికి వదిన ఎదురుగా ఉంది. ఆమె ఎప్పుడూ అల్లిక షెడ్డులోకి రాదు. ఆ రొద ఆమెకు పడదు.

"ఆ డబ్బాలోది కాస్త ఇలా ఇవ్వు" అని గిన్నె చాపి అరిచింది రొదలో. "గుడ్డ మీద చుక్కలేసి, రేకుల కింద వారం పడేసి, అప్పుడు ఉతికి చూస్తా. అప్పటిదాకా ఏ రోజు అల్లింది ఆ రోజే పంపు. ఇది కూడా పోకపోతే ఏం చేద్దాం?"

పిన్ని తన చేతిలోని నూనెకుప్పెను చూసుకుంది. ఈ నూనె కూడా తను అప్పటికప్పుడే ఉతికి చూసిందని ఆ క్షణం దాకా ఆమెకు తట్టలేదు.

"అదే చెప్తున్నా" అంది వదిన. "తొందరపడి సంతోషించకు."

"నేనెప్పుడు సంతోషించాను వదినా!" అంటూ పిన్ని గిన్నెలోకి నూనె ఒంపింది.