గుచ్చుకుందంతే

మొన్న అమలాపురంలో రక్తపరీక్షకి వెళ్తే, ల్యాబులో అమ్మాయి నా చేతికి దూది రాస్తూ, "చిన్నగా గుచ్చుతానండి, ఆయ్" అంది. సూదిని చూసి కాదు, ఆ మాట విని నా చెయ్యి వెనక్కి వచ్చేసింది.

మా మేనత్తకి, అంటే మా నాన్న అక్కకి, గుచ్చడమంటే చేమంతులు దారానికి గుచ్చడమే. ఎవరైనా గుచ్చి గుచ్చి అడిగితే మాత్రం మహా చిరాకు. ఒంటి నొప్పి సంగతి ఎప్పుడూ తక్కువ చేసే చెప్పేది; జ్వరంతో కాలిపోతున్నా "కాస్త వెచ్చబడింది" అనేది. మా ఆయన దుబాయ్‌లో ఉండగా నాకు ఏడో నెల వచ్చిందని, ఉప్పలగుప్తం నుంచి తోడుకి వచ్చింది. ఒక మధ్యాహ్నం పెరట్లో ఎండు కొబ్బరి మట్టలు తీస్తూ తీస్తూ, కుంటుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చుంది. "ఏదో గుచ్చుకుందే అమ్మాయ్. మేకులా ఉంది." పిన్నీసు పట్టుకుని ఎలాగో వంగి చూశాను. మడమ పక్కన ఒకటి కాదు, రెండు చుక్కలు. పాదం అప్పటికే పొంగుతోంది. పిన్నీసు పడేసి ఆటో పిలిచాను.

ఆటోలో అమలాపురం దాకా ఆవిడే నన్ను ఓదార్చింది. "గుచ్చుకుందంతేనే, కంగారు పడకు."

ఆసుపత్రిలో డాక్టరుగారు, "గుచ్చుకుందాండీ, కరిచిందా?" అని అడిగారు. ఆ తేడా నేనెప్పుడూ ఆలోచించలేదు. ముల్లయినా మేకయినా ఉన్నచోటే ఉంటుంది, మనమే వెళ్లి గుచ్చుకుంటాం. కరిచేదానికి ప్రాణం ఉంటుంది. "గుచ్చుకుందండి" అంది మేనత్త, నా వైపే చూస్తూ. ఆయన రక్తం కాస్త గాజు గొట్టంలోకి తీసి, ఇరవై నిమిషాలు కదపొద్దని బల్ల మీద నిలబెట్టారు. గడ్డకడితే భయం లేదట. కడుపు మీద చెయ్యి వేసుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాను. లోపల బిడ్డ కదిలినా ఉలిక్కిపడ్డాను. ఆయన వచ్చి గొట్టం వంచితే రక్తం నీళ్లలా జారింది.

వెంటనే విరుగుడు మందు ఎక్కించారు. మర్నాటికి గండం గడిచిందన్నారు. అప్పుడు చెప్పింది మేనత్త: "తోక చూశానే. పామంటే నువ్వు పరిగెట్టేదానివి. ఏడో నెల కదా."

ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. "నీకేమైనా అయితేనో?"

"అవ్వలేదు కదే!"

పక్క మంచాలవాళ్లు కూడా నవ్వారు. నేను నవ్వలేదు. కాఫీ తాగిస్తూ, కాలు తుడుస్తూ, రెండు రోజులు ఆవిడతో ఒక్క మాటా మాట్లాడలేదు.

మేనత్త పోయి నాలుగేళ్లయింది. ఒకే గదిలో ఉండి పారేసుకున్న ఆ రెండు రోజులనీ ఇప్పుడు ఎవర్నడిగి తెచ్చుకోను?