వాగులో విరిగిన దవడ

నాలుగేళ్ల క్రితం చెన్నూరు దగ్గరి ఎర్రమట్టి చేలల్లో పాతకాలపు ఎముకలు వెతకడానికి ఒక మేడమ్ వచ్చారు. నేను ఆమె దగ్గర కూలికి కుదిరాను. ఒకరోజు వేలెడంత దవడ దొరికింది. పళ్లు సూదిమొనల్లా ఉన్నాయి.

"ఇది మాంసం తినే చిన్న డైనోసార్‌ది. మీ నాటుకోడి కంటే కాస్త పెద్దగా ఉండేదేమో. కొండంత డైనోసార్లు పుట్టకముందే ఇక్కడ తిరిగింది" అన్నారు మేడమ్. దాన్ని దూదిలో చుట్టి, డబ్బాలో పెట్టి, జీపు దాకా తీసుకెళ్లమని నాకిచ్చారు.

వాగు దిగుతుంటే కాలు జారి పడ్డాను. డబ్బా రాయికి కొట్టుకుని తెరుచుకుంది. దవడ రెండు ముక్కలైంది.

"నా చేతులల్ల ఇరిగిపాయె మేడమ్! రేపటిసంది నన్ను పనికి రానియ్యరా?" అని ఏడ్చేశాను.

పరుగెత్తుకొచ్చిన మేడమ్ ముందు నా మోకాలి రక్తం తుడిచారు. ఆ తర్వాతే ముక్కలు చూశారు.

"అతుకుతుందమ్మా. మట్టిలో ఉన్నప్పుడే దీనికి బోలెడు పగుళ్లు. నువ్వు కదలకుండా పట్టుకో, నేను జిగురు పెడతాను" అన్నారు. రెండు ముక్కల్నీ ఆనించి పట్టుకున్నాను. మర్నాడు దొరికిన ఎముకను కూడా నాకే ఇచ్చి పంపారు.

ఇప్పుడు అంగన్‌వాడీలో ఆయాగా పనిచేస్తున్నాను. ఏ పిల్ల చేతిలోంచైనా గాజు గ్లాసు జారి పగిలితే, ముందు ఆ పిల్ల చేతులు చూస్తాను.